ల్యాప్‌టాప్ వైద్యానికి మదురై దాకా ఎందుకు?

ఎండను పెట్టుబడిగా చేసుకుని బతికిన ఊళ్లు దేశంలో ఎన్నో లేవు. తమిళనాడు దక్షిణాన తాయిల్పట్టి, శివకాశి, సాత్తూరు, కోవిల్పట్టి చుట్టుపక్కల నేల అలాంటిది. వాన తక్కువ, గాలిలో తేమ తక్కువ. 1920ల మొదట్లో శివకాశి నుంచి కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్‌ల విద్య ఇక్కడ అంత త్వరగా పాతుకుపోవడానికి ఆ పొడి ఎండ కూడా ఒక కారణం. చెమ్మ తగిలితే చెడిపోయే మందు ఈ గాలిలో చక్కగా ఆరింది. అగ్గిపుల్లల వెనకాల టపాకాయలొచ్చాయి. టపాకాయల పెట్టెలకు రంగురంగుల లేబుళ్లు కావలసి అచ్చు యంత్రాలొచ్చాయి. ఆ యంత్రాల మీద ఇప్పుడు దేశమంతటికీ క్యాలెండర్లు, డైరీలు అచ్చవుతున్నాయి. తెలుగు ఇళ్ల గోడలకు వేలాడే క్యాలెండర్లలోనూ శివకాశి సరుకు ఉంటుంది.

అదే ఎండ గేమింగ్ ల్యాప్‌టాప్‌కు మాత్రం బొత్తిగా గిట్టదు.

తాయిల్పట్టి మొదలు కోవిల్పట్టి, రాజపాళయం దాకా తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ల్యాప్‌టాప్‌లో ఇంగ్లీషు. వీళ్లకు తోడు కృష్ణన్‌కోయిల్‌లోని కలశలింగం విద్యాసంస్థకు ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న తెలుగు విద్యార్థులు. శివకాశిలో మెప్కో ష్లెంక్ ఇంజినీరింగ్ కాలేజీ, కోవిల్పట్టిలో నేషనల్ ఇంజినీరింగ్ కాలేజీ. ఈ మూడూ 1984లో పుట్టినవే. ఇన్ని కాలేజీలున్న చోట గేమింగ్ ల్యాప్‌టాప్ ఆటవస్తువుగా మాత్రమే ఉండదు. పేరు గేమింగే కానీ మెకానికల్ విద్యార్థి దాని మీద డిజైన్లు గీస్తాడు, కంప్యూటర్ సైన్స్ అమ్మాయి మెషిన్ లెర్నింగ్ మోడళ్లకు శిక్షణ ఇస్తుంది, అచ్చాఫీసు డిజైనరు వచ్చే ఏడాది క్యాలెండరులో దేవుడి బొమ్మకు రంగులు సరిచేస్తాడు. రాత్రి పదయ్యాక ముగ్గురూ ఆటే ఆడతారనుకోండి, అది వేరే సంగతి. డెబ్బై వేలో లక్షో పోసి కొన్న యంత్రం ఇది. చాలా ఇళ్లలో బండి తర్వాత అంత ఖరీదైన వస్తువు ఇదే.

ఆ వస్తువు రెండో వేసవి వచ్చేసరికి మూలగడం మొదలుపెడుతుంది. ఆట పది నిమిషాలు బాగానే సాగుతుంది, ఆ తర్వాత బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఫ్యాన్ల హోరు పక్కగదికి వినిపిస్తుంది. కీబోర్డు మీద వేళ్లు ఆనించలేనంత వేడి. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అప్పుడు బజార్లో వినిపించే మొదటి సలహా 'ఫార్మాట్ కొట్టించు'. రెండోది 'బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో'. ఈ రెండు సలహాల మధ్య ఉండాల్సిన అసలు వైద్యం చాలాసార్లు జరగదు. ఎందుకు జరగదన్నదే ఇక్కడ తేల్చాల్సిన విషయం. తప్పు యంత్రానిదీ విద్యార్థిదీ మాత్రమే కాదు. విడిభాగాలను, మాన్యువళ్లను తాళం వేసి దాచుకున్న కంపెనీలది ఎక్కువ. ఆ తాళం తీయించగలిగి కూడా తీయించని ప్రభుత్వాలకూ అందులో వాటా ఉంది.

ముందు జబ్బేమిటో చూడాలి. ఆఫీసు పనికి వాడే మామూలు ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ పదిహేను వాట్లు, మహా అయితే ముప్ఫై వాట్ల దగ్గర నడుస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ కలిసి నూటయాభై వాట్లు దాటడం మామూలే. అంటే రెండు సీలింగ్ ఫ్యాన్లు తినే కరెంటు మొత్తం రెండు వేళ్ల మందం ఉన్న డబ్బాలో వేడిగా మారుతోందన్న మాట. ఆ వేడిని బయటికి తోయడానికి లోపల రాగి గొట్టాలుంటాయి. వాటిలో తక్కువ ఒత్తిడి దగ్గర బంధించిన కాస్త ద్రవం చిప్ దగ్గర ఆవిరై, అంచుల్లో ఉన్న పలచని రేకుల దగ్గర చల్లబడి, తిరిగి వెనక్కి వస్తుంది. ఫ్యాన్లు ఆ రేకుల మీదుగా గాలిని బయటికి ఊదుతాయి. తెలివైన ఏర్పాటే. అయితే ఇది చల్లబరిచేది గదిలో ఉన్న గాలితోనే.

చిక్కు అక్కడే ఉంది. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్ పనిచేయాల్సిన గది ఉష్ణోగ్రతకు 35 డిగ్రీల సెల్సియస్‌ను గరిష్ఠంగా రాసుకుంటాయి. శివకాశి, సాత్తూరు ఉన్న విరుదునగర్ జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పాదరసం నలభైకి అటూ ఇటూ ఉంటుంది. రేకుల షెడ్డు కింద, మేడ మీది గదిలో అంతకంటే ఎక్కువే. ఏసీ గదిలో తీసిన యూట్యూబ్ సమీక్షలో 85 డిగ్రీలు చూపిన చిప్, ఇక్కడ అదే పనికి వంద దగ్గర నిలబడుతుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 95 నుంచి 105 డిగ్రీల మధ్య తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఆట ఆగి ఆగి కదలడానికి చాలాసార్లు కారణం ఇదే. చిప్ తనను తాను కాపాడుకుంటోంది. హార్డ్‌వేర్ ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆట ఆడుతూ పావుగంట గమనిస్తే సంగతి తెలిసిపోతుంది. ఫార్మాట్ కొట్టినంత మాత్రాన వేడి తగ్గదు.

ఇక దుమ్ము. ఇది నల్లరేగడి సీమ, పత్తి సీమ. కోవిల్పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టి, ఇంటిభాష తెలుగైనా తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కి. రాజనారాయణన్ కథలనిండా ఉన్నది ఈ నల్లమట్టే. సాహిత్యానికి అది సారం కావచ్చు, ల్యాప్‌టాప్‌కు మాత్రం ఉరి. రాజపాళయం నూలు మిల్లులు, ఛత్రపట్టి బ్యాండేజీ మగ్గాల దగ్గర గాలిలో తేలే పత్తి నూగు ఈ మట్టితో కలిసి, ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య దట్టంగా ఒక పొరలా పేరుకుంటుంది. బయటినుంచి చూస్తే ఏమీ కనబడదు. ఫ్యాన్ విప్పితేనే ఆ పొర ఊడి చేతికొస్తుంది. దాన్ని తీసిన ఒక్క పనికే పది డిగ్రీలు తగ్గిన సందర్భాలు మరమ్మతు షాపుల్లో ఎవరినడిగినా చెబుతారు.

చిప్‌కూ రాగి పలకకూ మధ్య పూసే థర్మల్ పేస్టు రెండో ముద్దాయి. అది వేడికి ఎండుతుంది, వేడి చల్లల్లో లోహం వ్యాకోచించి సంకోచించినప్పుడల్లా కొద్దికొద్దిగా అంచులకు జారిపోతుంది. రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ వేయాలి. మంచి పేస్టు ట్యూబు కొన్ని వందల రూపాయలకు వస్తుంది. పేస్టు బదులు, వేడికి మెత్తబడి సందులు నింపే ఫేజ్ చేంజ్ పొరలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. హనీవెల్ కంపెనీ తయారుచేసే పీటీఎం 7950 వాటిలో పేరున్నది. అవి త్వరగా ఎండిపోవు, ఇలాంటి వేడి ఊళ్లకు సరిగ్గా సరిపోతాయి.

డబ్బు ఖర్చులేని మందులూ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, ఒడిలో పెట్టకూడదు. అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. వెనక భాగం ఒక అంగుళం ఎత్తులో పెడితే చాలు, వందల రూపాయల కూలింగ్ ప్యాడ్ చేసే మేలులో సగం దక్కుతుంది. ఆటలో ఫ్రేముల సంఖ్యకు అరవై దగ్గర అడ్డుకట్ట వేస్తే గ్రాఫిక్స్ చిప్ అనవసరంగా చెమటోడ్చదు. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని వంద నుంచి తొంభై తొమ్మిది శాతానికి తగ్గిస్తే టర్బో వేగం ఆగిపోయి ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. చాలా ఆటల్లో తేడా కంటికి కనబడదు. మే నెల మధ్యాహ్నం ఆడక తప్పని వాళ్లు ముందు ఇది చేసుకోవాలి.

బ్యాటరీ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. లిథియం అయాన్ బ్యాటరీని రెండు చెడగొడతాయి, వేడి ఒకటి, ఎప్పుడూ నూరు శాతం నిండుగా ఉంచడం మరొకటి. గేమింగ్ ల్యాప్‌టాప్ రోజంతా ఛార్జర్‌కు తగిలించే ఉంటుంది, రోజంతా వేడిగానే ఉంటుంది. రెండు పాపాలూ ఒకేసారి. ఆసుస్, లెనోవో వంటి కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో ఛార్జింగ్‌ను ఎనభై శాతం దగ్గరో అంతకంటే ముందో ఆపే సదుపాయం ఉంది. కొన్న రోజే అది ఆన్ చేయాలి. చాలామందికి అది ఉందని కూడా తెలియదు, అమ్మిన షాపువాడు చెప్పడు. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచిందన్నా, అడుగు మూత బల్ల మీద ఊగుతోందన్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని గుచ్చకూడదు, నొక్కకూడదు, ఛార్జ్ చేయకూడదు. నిప్పురవ్వ విలువ తాయిల్పట్టి జనానికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మందు కలిపే షెడ్డు దరిదాపుల్లోకి ఏ వస్తువులు రాకూడదో వాళ్లకు బాగా తెలుసు. ఆ జాబితాలో ఉబ్బిన బ్యాటరీ కూడా చేరాలి.

బ్యాటరీ మీద ఆడితే ఆట నత్తనడక నడుస్తుందన్నది మరో ఫిర్యాదు. అది జబ్బు కాదు. అన్ని వాట్లు బ్యాటరీ ఇవ్వలేదు. అలాగే రెండు వందల వాట్లకు పైబడిన ఛార్జర్ కావలసిన యంత్రానికి ఫోన్ తరహా చిన్న ఛార్జర్ తగిలించి 'స్లో అయింది' అంటే లాభం లేదు. మెటల్ మూత మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందంటే తప్పు ఎక్కువసార్లు గోడ ప్లగ్గుది. మూడు కాళ్ల ఛార్జర్‌ను రెండు కాళ్ల కన్వర్టర్‌లో దూర్చినా, ఇంట్లో ఎర్తింగ్ లేకపోయినా, ఛార్జర్ ఫిల్టరు నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోయే దారి లేక మూత మీదికి వస్తుంది. దానికి ల్యాప్‌టాప్ మెకానిక్కు అక్కర్లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

కొన్న రోజునే అంటుకొచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఎనిమిది జీబీల మెమొరీ కర్ర ఒక్కటే వేసి అమ్మే మోడళ్లలో రెండో కర్ర చేరిస్తే ఆటల వేగం స్పష్టంగా పెరుగుతుంది. పది నిమిషాల పని. ఒకే పేరున్న గ్రాఫిక్స్ చిప్ వేర్వేరు ల్యాప్‌టాప్‌లలో వేర్వేరు వాట్లకు పరిమితమై ఉంటుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్పే 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏ స్థాయిలోనైనా ఉండొచ్చు. డబ్బా మీద మాత్రం 4060 అనే ఉంటుంది. కొనేవాడు అంకె చూసి కొంటాడు, వాట్లు అడగడు. అడిగినా కౌంటర్లో ఉన్న కుర్రాడికి తెలియదు.  

పేస్టు, దుమ్ము, మెమొరీ కర్ర, బ్యాటరీ, తెరను పట్టి ఉంచే హింజ్. గేమింగ్ ల్యాప్‌టాప్‌కు వచ్చే రోగాల్లో పెద్ద వాటా వీటిదే. స్క్రూడ్రైవరు పట్టడం తెలిసిన ఊరి మెకానిక్కు చేయలేని పని వీటిలో ఒక్కటీ లేదు. యంత్రాలను బతికించుకోవడం ఈ నేలకు కొత్త విద్యా కాదు. ఆఫ్‌సెట్ అచ్చు యంత్రాలను ఏళ్ల తరబడి ఊళ్లోనే విప్పి, బిగించి, మళ్లీ నడిపించే చేతులు శివకాశిలో ఉన్నాయి. మరి ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు ఎందుకు ఆగిపోతున్నాయి?

విడిభాగం దొరకదు గనుక. చాలా బ్రాండ్ల అధీకృత సర్వీస్ సెంటర్లు మదురై, తిరునెల్వేలి వంటి పెద్ద ఊళ్లలో ఉంటాయి. తాయిల్పట్టి నుంచి మదురైకి రెండు మూడు గంటల ప్రయాణం. ఒకసారి ఇచ్చి రావడానికి, ఇంకోసారి తెచ్చుకోవడానికి. చదువుకునే పిల్లవాడికి రెండు రోజులు పోతాయి, పటాకుల పనికి వెళ్లే తల్లిదండ్రులైతే రెండు రోజుల కూలి పోతుంది. అసలు ఫ్యాన్, అసలు బ్యాటరీ, అసలు హింజ్ ఊరి షాపుకు నేరుగా అమ్మే కంపెనీలు అరుదు. దాంతో మెకానిక్కు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో, ఆన్‌లైన్ నుంచో ఏదో ఒక 'కంపాటిబుల్' సరుకు తెప్పిస్తాడు. అది ఆరు నెలలకు ఉబ్బితే పేరు మెకానిక్కుకు పోతుంది. కంపెనీ చల్లగా 'బయటివాళ్ల దగ్గర చేయిస్తే ఇంతే' అంటుంది. కీబోర్డులో ఒక్క మీట పోతే కొన్ని మోడళ్లలో కీబోర్డు విడిగా రాదు, ప్లాస్టిక్ రివెట్లతో పై మూతకు అతికించి ఉంటుంది. మీట కోసం మూత మొత్తం మార్చాలి. ఈ డిజైన్ గీసింది విరుదునగర్ ఎండ కాదు.

వారంటీ స్టిక్కర్ల కథ మరీ వింత. అడుగున ఒక స్క్రూ మీద 'తీస్తే వారంటీ పోతుంది' అని చిన్న కాగితం. దుమ్ము దులుపుకోవాలన్నా దాన్ని చించాలి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఆసుస్, సోనీ, మైక్రోసాఫ్ట్ సహా ఆరు కంపెనీలకు వారంటీ షరతులపై హెచ్చరిక లేఖలు పంపింది. 2024 జులైలో ఇలాంటి స్టిక్కర్ల గురించే గిగాబైట్, ఏఎస్‌రాక్, జోటాక్‌లకు మళ్లీ రాసింది. మూడూ గేమింగ్ సరుకు అమ్మే కంపెనీలే. అక్కడి చట్టం ఒప్పని కాగితం ముక్క ఒకటి ఇన్నేళ్లు జనాన్ని భయపెట్టిందన్న మాట.

వినియోగదారుడిదే తప్పని తేల్చేయడంలో కంపెనీలకు బాగా చెయ్యి తిరిగింది. 2021 నుంచి వచ్చిన కొన్ని ఆసుస్ ఆర్ఓజీ ల్యాప్‌టాప్‌లలో వీడియో చూస్తున్నా ధ్వని చిటపటలాడటం, బొమ్మ ఆగడం ఉండేది. కొన్నవాళ్లు ఏళ్లతరబడి డ్రైవర్లు మార్చారు, విండోస్ మళ్లీ ఎక్కించుకున్నారు, తమ యంత్రమే చెడ్డదనుకున్నారు. చివరికి 2025 సెప్టెంబరులో ఒక వినియోగదారుడు ఫర్మ్‌వేర్‌ను విప్పి చూసి, యంత్రాన్ని మేల్కొలిపే మూల సాఫ్ట్‌వేర్ బయోస్‌లో, కరెంటు వాడకాన్ని చూసుకునే ఏసీపీఐ కోడ్ ఉండుండి ప్రాసెసర్‌ను అడ్డుకుంటోందని వివరంగా బయటపెట్టాడు. ఆ తర్వాత ఆసుస్ సమస్య ఉందని ఒప్పుకుంది, కొన్ని మోడళ్లకు సవరించిన బయోస్ ఇచ్చింది. ఎన్ని ఫార్మాట్లు కొట్టినా కదలని రోగం, లోపలి కోడ్‌ను ఒకరు తెరిచి చూడటంతో బయటపడింది.

ఇంకా వెనక్కి వెళితే 2008 ఉంది. ఆ ఏడాది జులైలో ఎన్విడియా తన ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుల ప్యాకేజింగ్‌లో వాడిన పదార్థాలు బలహీనంగా ఉన్నాయని ఒప్పుకుని, మరమ్మతులకు, మార్పిళ్లకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది. వేడి చల్లల్లో చిప్ కింది సోల్డర్ బిందువులు పగిలేవి. ఆ రోజుల్లో మరమ్మతు షాపుల్లో హీట్ గన్నుతో చిప్‌ను కాల్చి 'బతికించడం' పెద్ద విద్యగా చెలామణీ అయింది. వారాలో నెలలో నడిచి మళ్లీ చచ్చేవి. అమెరికాలో వినియోగదారులు దావా వేస్తే ఒప్పందం కుదిరి కొందరికి పరిహారం దక్కింది. మన దగ్గర హీట్ గన్నుకు డబ్బిచ్చిన వాళ్లు ఇచ్చినట్టే పోయారు. నేటికీ కొందరు అదే వైద్యం చేస్తామంటారు. వాళ్లకు దూరంగా ఉండటం మంచిది.

ఇక్కడ కంపెనీల వాదన కూడా వినాలి. తెలియని చేతిలో పడితే నష్టమే అంటాయి. అందులో నిజం ఉంది. కొన్ని ఖరీదైన మోడళ్లలో పేస్టు బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది. అది కరెంటును పారనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. ఒక్క చుక్క బోర్డు మీదికి జారితే లక్ష రూపాయల యంత్రం కాటికే. అరమిల్లీమీటరు థర్మల్ ప్యాడ్ ఉండాల్సిన చోట మిల్లీమీటరుది పెడితే రాగి పలక చిప్‌కు ఆనదు. బ్యాటరీ కనెక్టరు తీయకుండా బోర్డు ముట్టుకున్నా, బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకోకుండా గిరగిరా తిప్పినా చేటే. ఇవన్నీ జరుగుతున్నాయి కూడా. అయితే ఏ మోడల్లో లిక్విడ్ మెటల్ ఉందో, ఏ ప్యాడ్ ఎంత మందమో చెప్పే సర్వీస్ మాన్యువల్‌ను దాచిపెట్టేదీ, 'మెకానిక్కుకు తెలియదు' అనేదీ చాలాసార్లు ఒకరే. కొన్ని కంపెనీలు మాన్యువళ్లను తమ వెబ్‌సైట్లలో అందరికీ ఉంచాయి. వాటి వ్యాపారం అందువల్ల ఏమీ దెబ్బతినలేదు.

కార్ల విషయంలో దేశం ఈ తగవును ఒకసారి తీర్చింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందనీయకుండా తొక్కిపట్టారన్నది అభియోగం. కారు బోనెట్ తెరవడానికి ఉన్న న్యాయం ల్యాప్‌టాప్ అడుగు మూతకు ఎందుకు వర్తించకూడదు? కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న ఆ హక్కు కోసం పోర్టల్ ప్రారంభించింది. ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచీ ఎలా ఉండాలో చెప్పే మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. పోర్టల్ మంచిదే, నివేదికా మంచిదే. కానీ పోర్టల్‌లో కంపెనీ చిరునామా దొరికితే శివకాశి షాపుకు ఫ్యాన్ దొరికినట్టు కాదు. ఫ్రాన్స్‌లో అలాంటి సూచీ కిందే 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ ధర పక్కనే పదికి ఎన్ని మరమ్మతు మార్కులో చూపించడం తప్పనిసరి చేశారు. మాన్యువల్ ఇస్తున్నారా, ఎంత సులువుగా విప్పవచ్చు, విడిభాగం ఎన్నేళ్లు దొరుకుతుంది, ఎంత ధర పెట్టారు అన్నవే ఆ మార్కులకు కొలతలు. కొనేవాడి కంటికి ఆనే చోట ఆ అంకె ఉంటుంది.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని దారి ఒకటి తమిళనాడు చేతిలోనే ఉంది. 2011 సెప్టెంబరులో జయలలిత ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్ పథకం కింద దశాబ్దం తిరక్కముందే యాభై లక్షలకు పైగా యంత్రాలు విద్యార్థులకు అందాయి. 2025 మార్చి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి తంగం తెన్నరసు రెండేళ్లలో 20 లక్షల మంది కాలేజీ విద్యార్థులకు ల్యాప్‌టాప్ లేదా ట్యాబ్ ఇస్తామని ప్రకటించి, 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆయన సొంత నియోజకవర్గం తిరుచుళి, విరుదునగర్ జిల్లాలోదే.  ప్రభుత్వం ఇచ్చేవి గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కావు, నిజమే. కానీ అమ్మేది అవే కంపెనీలు, వాడేది అవే విడిభాగాల గొలుసు, ఎక్కేది అదే దుమ్ము. లక్షల యంత్రాలు ఒక్క సంతకంతో కొనే ప్రభుత్వం అడిగితే కాదనే కంపెనీ ఉండదు. సర్వీస్ మాన్యువల్ తమిళంలోనూ ఇవ్వాలని, ఫ్యాన్, బ్యాటరీ, హింజ్, కీబోర్డు ఎవరు అడిగినా ప్రకటించిన ధరకు అయిదేళ్లు అమ్మాలని, దుమ్ము దులపడానికి మూత తెరిస్తే వారంటీ పోదని టెండరులో రాస్తే చాలు. అలా ఒకసారి తెరుచుకున్న విడిభాగాల దారిలోనే అదే కంపెనీ గేమింగ్ మోడళ్ల సామాన్లు కూడా నడిచొస్తాయి.

ఇక విడిభాగాలు బిగించే చేతుల సంగతి. ఐటీఐల్లో కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ మెయింటెనెన్స్ అనే ట్రేడ్ ఇప్పటికే ఉంది. అది నేర్చుకున్న పిల్లలు చాలాచోట్ల బిల్లింగ్ కౌంటర్ల దగ్గర తేలుతున్నారు. ఏప్రిల్ ఎండలు ముదరకముందు, మార్చిలోనే కాలేజీల్లో వారం రోజుల దుమ్ము దులుపుడు శిబిరం పెట్టి, ఈ పిల్లల చేతే ప్రతి ల్యాప్‌టాప్ మూత విప్పించి, పేస్టు మార్పించి, బ్యాటరీ పరీక్షించి పంపడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. ప్రిన్సిపాల్ అనుమతి, ఒక హాలు, ఎర్తింగ్ ఉన్న ప్లగ్గులు, నాలుగు బ్లోయర్లు. పేస్టు ఖర్చు విద్యార్థులే పెట్టుకుంటారు.